పాజ్‌లో పెట్టిన అత్తగారు

ఆ ఆదివారానికి పళ్ళ డాక్టరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి తోడల్లుడు, అంటే వదినగారి భర్త లెక్కల మాస్టారు, భార్యాసమేతంగా భోజనానికి వస్తాడు. ఆయన కళ్ళెదుటే అంతరిక్ష నౌక ఆటలో చివరి గదిలోకి దూరి, అక్కడ కాపలా ఉన్న పెద్ద కన్నును పేల్చేసి, పాతికేళ్ళ వాదనకు తెరదించాలి.

వాదన ఏమిటంటే, కాలేజీ రోజుల్లో సినిమా హాలు వరండాలోని మిషన్ మీద డాక్టరు ఆ ఆట పూర్తిచేశాడట. ఎడమ నుంచి కుడికి ఆగకుండా సాగిపోయే ఆకాశం, గుంపులుగా ఎదురొచ్చే శత్రువులు, ఎర్రవాటిని కొడితే రాలే బిళ్ళలు. ఆ బిళ్ళలు ఏరుకుంటూ వేగమో, లేజరో, వెంట వచ్చే తోడు నౌకో సంపాదించుకోవాలి. ఒక్క దెబ్బ తగిలిందా, సంపాదనంతా గోవిందా. "చివర్లో ఆ కన్ను నామీద నిప్పుల వాన కురిపించింది. తప్పించుకుంటూ మూడొందల గుళ్ళు దింపాను" అని పెళ్ళైన కొత్తలో అత్తవారింట్లో చెప్పాడు. ఆ తర్వాత నలుగురు కలిసిన ప్రతిసారీ చెప్పాడు. నిజానికి చివరి గది తలుపు తెరుచుకునే వేళకి హాల్లో కరెంటు పోయింది. ఆ సంగతి ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మాస్టారు సందేహంగా "ఊఁ" అన్నప్పుడల్లా డాక్టరుకు లోపల సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

పోయిన నెల పాత సామాన్ల దుకాణంలో, ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే కన్సోలూ, అదే ఆట క్యాసెట్టూ దొరికాయి. అబద్ధాన్ని నిజం చేసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

"హాల్లో మిషన్ వేరు, ఇంటి క్యాసెట్టు వేరు కదా తమ్ముడూ" అని మాస్టారు ఫోన్లో మెలిక పెట్టాడు.

"తేడా అంతా పైపైనే అన్నయ్యగారూ. అక్కడ తోడు నౌకలు నాలుగు, ఇక్కడ రెండు. లేజరు కాస్త పొట్టిది. శత్రువులు ఎక్కువైతే బొమ్మ వణుకుతుంది. చివరి గది మాత్రం అచ్చు అదే. వెంట్రుకవాసి తేడా ఉన్నా నా మాట అబద్ధమనుకోండి."

కన్సోలు వైర్లు ఇంట్లో ఒకే ఒక్క టీవీకి పట్టాయి. అది అత్తగారి గదిలోని పాత లావుపాటి టీవీ. తెల్లవారి ఆరింటి నుంచి డాక్టరు ఆవిడ మంచం పక్కన స్టూలేసుకుని పోరాడాడు. ఆయనకో జబ్బుంది. బిళ్ళ దొరికితే చాలు, వేగానికే ఖర్చుపెడతాడు. దాంతో నౌక అదుపు తప్పి గోడకు కొట్టుకుంటుంది. నాలుగుసార్లు అలా పోయి, ఐదోసారి పావుతక్కువ పదికి చివరి గది తలుపు తెరిపించి, పాజ్ నొక్కాడు. ఈ కన్సోలుకు ఆటను దాచుకునే విద్య తెలియదు. కరెంటు పోతే మళ్ళీ మొదటి ఆకాశమే.

సరిగ్గా పదింటికి తలుపు చప్పుడైంది. ఎలక్ట్రీషియన్.

"డాక్టరుగారూ, కింద మీటరు బోర్డు మారుస్తున్నాం. గంటసేపు బిల్డింగంతా కరెంటు తీసేస్తాను."

"గంటన్నర ఆగి తియ్యి."

"నాలుగు రోజుల నుంచి నోటీసు అంటించే ఉందండీ. నాకింకా రెండు బిల్డింగులున్నాయి. ఎందుకు ఆగాలో చెప్పండి."

ఎందుకో చెప్పడానికి డాక్టరుకు నోరు రాలేదు. యాభై ఏళ్ళ మనిషి, గోడ మీద డిగ్రీ, చేతిలో బొమ్మ నౌక. "లోపల మా అత్తగారు... మిషన్ మీద ఉన్నారు" అనేశాడు.

ఎలక్ట్రీషియన్ మొహం పాలిపోయింది. "ముందే చెప్పొద్దా సార్. నేనుండగా ఆ కరెంటు ఎవడు తీస్తాడో చూస్తాను" అని కిందికి పరిగెత్తాడు. మంచివాడు కావడమే అతనితో వచ్చిన చిక్కు. మీటర్ల దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. లోడు తగ్గాలని లిఫ్టు ఆపించాడు. వచ్చేపోయే వాళ్ళందరికీ విషయం చెప్పాడు.

పదకొండు కావస్తుండగా అసోసియేషన్ సెక్రటరీ ఐదంతస్తులూ ఎక్కి ఆయాసపడుతూ వచ్చాడు. ఆయన వెనక మరో ఆరుగురు. డాక్టరు అత్తగారి గదిలోకి దూరి, "అత్తయ్యగారూ, మీరు కాసేపు కదలకుండా పడుకోవాలి" అని సంగతి క్లుప్తంగా విన్నవించాడు.

"నాకేం రోగం అల్లుడుగారూ?"

"అది ఇంకా తేలలేదండీ" అని దుప్పటి కప్పి, తలుపు వేసి, బయట గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

భార్య వంటింట్లోంచి వచ్చి, హాలు నిండా నిలబడ్డ జనాన్ని చూసింది. "ఏమండీ, మా అమ్మకేమైంది?"

"ఏమీ కాలేదు. తర్వాత చెబుతాను."

"ఏమీ కాకపోతే వీళ్ళంతా ఎందుకొచ్చారు?"

అంతలో మెట్ల మీద ఏడుపు వినిపించింది. గేటు దగ్గరే కబురందుకున్న వదినగారు ఐదో అంతస్తు దాకా ఏడుస్తూనే ఎక్కింది. వెనకే మాస్టారు, చేతిలో పళ్ళ సంచితో. "ఎవరినీ లోపలికి పంపకూడదు వదినా" అని డాక్టరు అంటూనే ఉన్నాడు. ఆవిడ ఆయన్ని పక్కకు తోసి తలుపు తెరిచింది.

అత్తగారు మంచం మీద బాసింపట్టు వేసుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, రెండు చేతులతో కంట్రోలరు పట్టుకుని ఉంది. తెర మీద మొదటి ఆకాశం ఎడమ నుంచి కుడికి హాయిగా సాగుతోంది.

డాక్టరు తెర వైపు చెయ్యి చూపించాడు. "అత్తయ్యగారూ, ఆ తలుపు... చివరి గది..."

"అదా. సీరియల్ పెట్టుకుందామని ఏదో నొక్కాను. ఓడ తనే లోపలికెళ్ళింది. ఓ పెద్ద కన్ను వచ్చింది. మీరు కదలొద్దన్నారు కదా, నేను వేలు కూడా కదపలేదు. కాసేపు నన్నే చూసి, దానంతటదే పేలిపోయింది. ఏదో అభినందనలని వచ్చి, మళ్ళీ మొదలైంది."

"అది మీ మీద నిప్పులేమీ పొయ్యలేదా?" అని మాస్టారు నిదానంగా అడిగాడు.

"పాపం, దానికి చేతులూ నోరూ ఏవీ లేవు నాయనా. ఒట్టి కన్ను."

మాస్టారు తోడల్లుడి వైపు తిరిగాడు. ఇంటి క్యాసెట్టు వేరు అనడానికి డాక్టరు నోరు తెరిచాడు. వెంట్రుకవాసి మాట గుర్తొచ్చి మూసుకున్నాడు.

"కరెంటు పోయింది అన్నయ్యగారూ" అన్నాడు చివరికి. "ఆ రోజు హాల్లో. తలుపు తెరుచుకున్నాక." చెప్పేశాక సిగ్గుకంటే తేలికే ఎక్కువ అనిపించింది.

మాస్టారు పళ్ళ సంచి డాక్టరు చేతికిచ్చి, "పాతికేళ్ళు మోశావన్నమాట. కూర్చో తమ్ముడూ" అన్నాడు.

వదినగారు కళ్ళు తుడుచుకుంది. భార్య మాత్రం భోజనాల తర్వాత తీరిగ్గా మాట్లాడదామన్నట్టు చూసింది. జనం వెనక నుంచి ఎలక్ట్రీషియన్ తల దూర్చాడు. మంచం మీద లేచి కూర్చున్న ముసలావిడను చూసి అతని మొహం వెలిగింది. "పెద్దమ్మగారు కోలుకున్నట్టున్నారే. ఇప్పుడు కరెంటు తీసేయొచ్చా డాక్టరుగారూ?"

తెర మీద ఎర్ర శత్రువు పేలి బిళ్ళ రాలింది. అత్తగారు దాని మీంచి చూపు తిప్పకుండానే, ఎడమ చేత్తో దుప్పటి మెడ దాకా లాక్కుంది.

"ఇంకో గంట ఆగు బాబూ. నాకింకా తగ్గలేదు."