రెప్పలు లేని ఉద్యోగులు

మానవజాతి నిప్పును కనుక్కుంది, చక్రాన్ని కనుక్కుంది, చివరికి ఇన్‌ఛార్జి అధికారిని కనుక్కుంది. ఆ తరువాత కనుక్కోవలసిందేమీ మిగల్లేదు.

లమ్తపుట్ దగ్గర ఓ కొండవాలు మీద ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. అక్కడి కరెంటు వానకు భయపడి పోతుంది, ఎండకు అలిసి పోతుంది. నర్సు రూతమ్మ ఫోన్ టార్చిని నోట కరచుకుని కాన్పులు చేసేది. దామంజోడిలో టెక్నీషియన్‌గా ఉన్న తమ్ముడు శుభాకర్ అది చూడలేకపోయాడు. మట్టికుండల్లో గెడ్డవాగు బురద నింపి, బొగ్గు కడ్డీలు గుచ్చి, తీగలు కలిపాడు. బురదలోని బాక్టీరియా మిగిలిపోయిన రాగిజావ తిని కరెంటు పుట్టిస్తాయి. అది ఓ బ్యాటరీలో చేరి, కాన్పుగదిలో చిన్న దీపమై వెలుగుతుంది.

కరెంటు పుట్టించే ప్రతి ప్రాణీ హాజరు వేయాలని సూక్ష్మజీవ విద్యుత్ పర్యవేక్షణ విభాగం ఆదేశించింది. (అలాంటి విభాగం ఉందని మీకు తెలియదు. మొన్నటిదాకా దానికీ తెలియదు.) దాని ఇన్‌ఛార్జి గణపతిరావు, మొహం చూసి హాజరు వేసే యాప్‌తో సహా దిగాడు.

"ఈళ్ల మొహాలేవమ్మా?"

"కుండలో ఉన్నాయి సార్. కంటికి ఆనవు," అంది రూతమ్మ.

"ఆనకపోతే డ్యూటీ సేస్తన్నట్టు ఎలా నమ్మాల? యాప్ రెప్ప ఆర్పమంటంది."

"ఆటికి రెప్పల్లేవు సార్," అన్నాడు శుభాకర్.

"రెప్పల్లేనోళ్లని ఉజ్జోగంలోకి ఎవుడు తీసుకున్నాడు?"

చివరికి అన్నిటి తరఫునా రూతమ్మే రెప్ప ఆర్పింది. యాప్ సంతోషించి, కోటానుకోట్ల బాక్టీరియాకు ఆమె పేరే పెట్టుకుంది. సాయంత్రానికి అవి రెట్టింపయ్యాయి. ఒక్క పూటలో అంత సంతానమేమిటని కుటుంబ సంక్షేమ విభాగం రూతమ్మను మందలించింది. 'నాకు పెళ్లే కాలేదు' అన్న ఆమె జవాబు పరిశీలనలో ఉంది.

గణపతిరావుకు పారిశుద్ధ్యం కూడా అదనపు బాధ్యత. అక్కడి నియమం సూటిగా ఉంటుంది: ఆరోగ్య కేంద్రంలో సూక్ష్మజీవి ఉండరాదు. కాబట్టి మంగళవారం పొద్దున పారిశుద్ధ్య హోదాలో వచ్చి, ప్రతి కుండలోనూ బ్లీచింగ్ పోయించాడు. రూతమ్మ అడ్డుపడితే సూక్ష్మజీవుల పక్షపాతి అన్నాడు. తరువాత టీ తాగి, విద్యుత్ హోదాలో తిరిగి వచ్చాడు.

ఈలోగా వాన పట్టుకుంది. కరెంటు పోయింది. దీపం బ్యాటరీ ముందటి కాన్పుకే ఖాళీ అయింది. రూతమ్మ ఫోన్‌లోనూ చార్జింగ్ లేదు. లోపల లిప్సాకు తొలిచూలు నొప్పులు. గది చీకటిగుయ్యారం.

"దీపమేదమ్మా?" అన్నాడు గణపతిరావు గుమ్మంలో నిలబడి.

"పొద్దున్న మీరే సంపీసేరు కదా!"

"నేనా? పొద్దున్న వచ్చినోడు పారిశుద్ధ్యం. ఆడి సంగతి నాకేటి తెలుసు? ఉండు, వివరణ అడుగుతాను."

అడిగాడు. తన నంబరుకే సందేశం పంపాడు. చేతిలోని ఫోన్ మోగింది. 'మీటింగులో ఉన్నాను' అని జవాబిచ్చుకున్నాడు.

"దీదీ! నాకేటీ కనబడ్నేదు!" అని లిప్సా కేక.

"నీకెందుకమ్మీ, కనబడాల్సింది నాకు!"

రూతమ్మ తడిమి చూసింది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. ఒక్క అంగలో బయటికొచ్చి, గణపతిరావు ఫోన్ లాక్కుని టార్చి వెలిగించి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చి, ఆయన్ని లోపలికి లాగింది.

"కళ్లు మూసుకుని ఇలా పట్టుకోండి. కదిలేరంటే బ్లీచింగ్ తాగించేస్తాను, ఏ హోదాలో ఉన్నా సరే!"

అధికారి కదల్లేదు. (సర్వీసులో ఆయన అందరికన్నా బాగా చేయగలిగిన పని అదే.) ఆ వెలుతురులో రూతమ్మ వేళ్లు పేగును వెతికి, తప్పించి, వదులు చేశాయి. బిడ్డ ఏడ్చింది. ఫోన్ చచ్చింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. విధులకు గైర్హాజరైన బాక్టీరియాను సస్పెండ్ చేశారు. దీపం లేకుండానే కాన్పు క్షేమంగా జరిగిందని అధికారి స్వయంగా ధ్రువీకరించినందువల్ల, ఆ గదికి ఇకపై దీపం అవసరం లేదని తేల్చారు.