ఆనపపాదు డ్రిప్పు కేసు

"బావా! ఈ వైజాగులో తప్పు సేసినోడు ఇద్దరి నుంచి తప్పించుకోనేడు. ఒకడు యముడు. రెండోవోడిని నాను!"

ఈ ప్రకటన చేసేటప్పటికి భీమశంకరరావు లుంగీ మీద ఉన్నాడు. కళ్ళకి నల్లద్దాలు, చేతిలో భూతద్దం. స్టీల్ ప్లాంటు స్టోర్సులో గుమాస్తా. ప్లాంటు ఇంకా కడుతూనే ఉన్నారు కాబట్టి తీరిక బోలెడు. గాజువాకలో మావి పక్కపక్క వాటాలు. అపరాధ పరిశోధన ఆయనకి సరదా, నాకు గ్రహచారం.

"ఏటయింది బావా?" అన్నాను.

"గోడవతల నర్సమ్మ మొగుడితో అంటంటే నా సెవులారా ఇన్నాను. 'డ్రిప్పు పెట్టినా కోలుకోవట్లేదు, తల వాల్చేసింది. రేపు కోద్దామనుకుంటే ఈలోపే పోయేలాగుంది' అని ఒకటే ఏడుపు. దొంగ ఆపరేషను, బావా! ఇంట్లోనే కోత!"

నాకు నవ్వాగలేదు. ఆ నర్సు దేవకుమారి. భర్త జ్ఞానదాసుకి ఆటోనగర్లో లేతు మెషీను మీద పని. నిరుడు మెషీనులో నలిగిన ఆయన చెయ్యి దక్కితే, పెరట్లో తొలికాయ చర్చికి ఇస్తానని ఆవిడ మొక్కుకుంది. చెయ్యి దక్కింది. తెల్లారితే ఆదివారం, చర్చిలో తొలిపంట ఇచ్చే కోతల పండగ. ఆనపపాదుకి నిలిచింది ఒక్కటే కాయ. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కనక, పారేసిన సెలైను గొట్టాలు ఉడకబెట్టి, ఇటుకల మీది డ్రమ్ముకి తగిలించి, మొక్కల మొదట్లో బొట్టుబొట్టుగా నీళ్ళు పడేలా అమర్చుకుంది. ఎండకి గొట్టాల మీద గడ్డి కప్పింది. డ్రిప్పంటే అదీ.

"అది మనిషి కాదు బావా, ఆనపకాయ!" అన్నాను.

"కోడ్ వర్డు! అంటే పేషెంటుది బోడిగుండన్నమాట!"

మిట్టమధ్యాహ్నం లుంగీ ఎగ్గట్టి గోడెక్కాడు. నేను పట్టుకునేలోపే అవతలికి దూకాడు. దూకింది డ్రమ్ము మీద.

మలేరియా వాళ్ళు మూతలు పెట్టమన్నారని జ్ఞానదాసు బుధవారమే దానికి రేకుమూత చేసి, రబ్బరు వేసి, బోల్టులు బిగించాడు. దోమ కాదు కదా, గాలి కూడా దూరదు. భీమశంకరరావు మాత్రం దూరాడు. బోల్టులు ఊడి, మూత లోపలికి కుంగి, నడుం దాకా నీళ్ళలో దిగబడిపోయాడు.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు. కదల్లేనిది ఆయనొక్కడే.

మొగుడూ పెళ్ళాం పరిగెత్తుకొచ్చారు. నేనూ గేటు వైపు నుంచి వెళ్ళాను.

"ఓలమ్మో! ఏటిది బాబుగారూ?"

"పేషెంటెక్కడమ్మా?"

ఆవిడ అప్పటికే పాదు వైపు చూస్తోంది. పాదు మొదట్లో గడ్డి కింద నుంచి నీళ్ళు పాకుతున్నాయి. గబగబా గడ్డి లాగి చూసింది. చుట్టూ నేల బెడ్డలు కట్టి ఉంది, గొట్టంలోంచి చుక్కలు టపటపా పడుతున్నాయి.

"ఏవండీ! ఇన్నాళ్ళూ సుక్క పడనేదండీ! నాను నీళ్ళెక్కువై వేరు కుళ్ళిందనుకున్నాను!" అని నెత్తి కొట్టుకుంది. "సీసాకి గాలిసూది గుచ్చకపోతే సెలైను దిగదని పదేళ్ళుగా అందరికీ సెప్తన్నాను. మీరు డ్రమ్ముకి గాలాడకుండా మూత బిగిత్తే నా బుర్రకి తట్టనేదు!"

ఏడుస్తూనే నవ్వేసింది. జ్ఞానదాసు బాగైన చేత్తో బుర్ర గోక్కున్నాడు.

"కేసు క్లోజు!" అంది డ్రమ్ము. "గాలాడకుండా సంపబోయింది మీ ఆయనే. నాకు ముందే తెల్సు."

ఆయన్ని బయటికి లాగేసరికి మా ఇద్దరి నడుములూ పడిపోయాయి. సాయంత్రానికి పాదు ఆకులు విప్పింది. దేవకుమారి పది నిమిషాలకోసారి వెళ్ళి చూసుకుని మురిసిపోయింది.

ఆదివారం చర్చిలో బల్ల మీద ఆనపకాయ నిగనిగలాడుతోంది. దేవకుమారి పిలిస్తే మేమూ వెళ్ళాం. భీమశంకరరావు కోటు తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు.

పాదిరిగారు కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి, "ఈ పాదుని ఎండిపోకుండా కాపాడినవానికి స్తోత్రం!" అన్నారు.

మా వాడు లేచి నిలబడి కోటు సర్దుకున్నాడు.

"అబ్బే, అంత మాటెందుకండీ! నా డ్యూటీ నాను సేసేను."