టైర్లు దొరకని దేశానికి జేజేలు!

అయ్యలారా, అమ్మలారా! టైర్లు దొరకడం లేదని ఎవరైనా నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేను చెప్పే మాట ఒక్కటే. మీ అంత అదృష్టవంతులు ఈ భూమ్మీద లేరు! టైరు దొరక్కపోవడం శాపం కాదు, వరం. అందులోనూ పాత స్పోర్ట్సు కారుకు టైరు దొరక్కపోవడమంటే పూర్వజన్మ సుకృతం!

నవ్వకండి. నేను నందిగామ మునసబు కోర్టులో ప్లీడరుని. సాక్ష్యం లేకుండా మాట్లాడటమనేది కోర్టు లోపలే చేస్తాను, బయట చెయ్యను.

ఆ కారు మా మేనమామది. యుద్ధానికి ముందు ఆయన మద్రాసులో ఉద్యోగం చేసే రోజుల్లో, సీమకు తిరిగి పోతున్న ఒక దొర దగ్గర కొన్నాడు. ఎర్ర రంగు. రెండే సీట్లు. చక్రాలకు సైకిలుకున్నట్టు సన్నటి పుల్లలు. నేలకు జానెడెత్తున కూర్చోవాలి కనక, నడుం నొప్పి పట్టుకున్న ఏడాది ఆయన దాన్ని నాకిచ్చేసి ఊపిరి పీల్చుకున్నాడు. నేనా, పెళ్లి కానివాణ్ణి! నందిగామ వీధుల్లో అది పోతుంటే కోళ్లు ఎగిరేవి, కుక్కలు వెంటబడేవి, నా మనసు రెండింటికంటే ముందు పరిగెత్తేది.

కానీ టైర్లు! అరిగి అరిగి మా తాతగారి బట్టతలతో పోటీకొచ్చాయి. రెండేళ్ల కిందట కీసర వంతెన దాటుతుండగా ఒకటి పేలింది. ఆ చప్పుడుకు పక్క పొలంలో నాట్లేస్తున్న ఆడవాళ్లు నారు కట్టలు వదిలేసి గట్టెక్కారు. మద్రాసుకు రాస్తే, ఆ సైజు మన దేశంలో తయారు కాదు, పై దేశం నుంచి తెప్పించాలన్నారు. తెప్పించాలంటే లైసెన్సు కావాలన్నారు. లైసెన్సు కావాలంటే నా కారు తిరక్కపోతే దేశానికి జరిగే నష్టమేమిటో రుజువు చెయ్యాలన్నారు. నేను ఒక రాత్రంతా నిజాయితీగా ఆలోచించాను. దేశానికి ఏ నష్టమూ కనిపించలేదు!

ఇక్కణ్ణించి మొదలైందండి నా అదృష్టం.

సరైన టైరు దొరికేదైతే ఏం చేసేవాణ్ణి? కొనేవాణ్ణి, వేయించేవాణ్ణి, పోయేవాణ్ణి. మనిషి మొహం చూసే పనే లేదు. దొరకలేదు కనక ఎంపిక మొదలుపెట్టాను. నందిగామ బస్టాండు దగ్గర టైర్ల షాపు స్తెఫనుది. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి తీర్పు చెప్పేశాడు.

"మిలిటరీ జీపు టైరు వెయ్యండి ప్లీడరుగారూ. లావుగా, దిట్టంగా ఉంటది. రాయి మీదికెక్కితే రాయే పగలాల!"

జగ్గయ్యపేటలో అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే వరప్రసాదరావు ఈ మాట విని చెవులు మూసుకున్నాడు.

"జీపు టైరా! గుర్రానికి గేదె గిట్టలు తొడుగుతారా ఎక్కడైనా? మీ సన్న టైర్లకే నేను రబ్బరు వేసిస్తా. సూదిలా పోద్దండి."

స్తెఫను మాట జగ్గయ్యపేటకు, వరప్రసాదరావు మాట నందిగామకు నేనే మోశాను. కొద్ది రోజుల్లోనే అది ఇద్దరు మనుషుల తగాదా కాకుండా రెండు ఊళ్ల పరువైపోయింది. ఒక దావా సాగుతుండగా మునసబుగారు నా వాదన ఆపి, "అది సరేనయ్యా, టైర్ల సంగతేం చేశావు?" అని అడిగారు. ఎదుటి పక్షం ప్లీడరు లేచి, సన్నవే మంచివని మనవి చేసుకున్నాడు. కేసు ఏమైందో నాకిప్పటికీ సరిగ్గా గుర్తులేదు.

మా అమ్మ రాఘవమ్మకు కార్లంటే చిరాకే. ఆవిడ కూడా కలగజేసుకుంది. "తొందరపడకురా. టైర్లంటే మాటలా? రోజూ వాటితో వేగాలి. పది చోట్ల చూడు, పదిమందిని అడుగు." అదే నోటితో ఇంకో మాట కూడా అంది. "జగ్గయ్యపేటలో కమలాకుమారి అని ఒక పిల్లుందిట. టైర్లు వేయించాక ఒక ఆదివారం పోయి చూసొద్దాం. అదెంత, అరగంట పని."

ఆర్నెల్లు గడిచాయి. ఆఖరికి తీర్పు చెప్పినవాడు మా మేనత్త కొడుకు బుల్లిబాబు.

"రెండు రకాలూ వేద్దాం బావా. ముందు జీపువి, వెనక సన్నవి. ఎవర్నీ నొప్పించినట్టుండదు."

వేశాం. ఎంత సమన్వయం! ఎంత శాంతి! కారు మాత్రం ముక్కు పైకెత్తి, తుమ్మబోయే మనిషిలా నిలబడింది. ఇంకో చిన్న విశేషం. స్టీరింగు కుడికి తిప్పితే బాగానే తిరిగేది. ఎడమకు తిప్పితే మాత్రం లావు టైరు పోయి మడ్గార్డుకు బిగుసుకునేది. అంటే, కారు ఎడమకు తిరగదు!

అయితే ఏం? మా ఇంటి నుంచి కోర్టు ఎడమ పక్కన. కుడికీ, మళ్లీ కుడికీ, మళ్లీ కుడికీ తిరిగి, సగం నందిగామ చుట్టి కోర్టుకు వెళ్లేవాణ్ణి. దారిలో ప్రతి అరుగు మీదివాళ్లూ పలకరించేవారు. కొత్త కక్షిదారులు కొందరు అట్లా తగిలినవాళ్లే. సరైన టైర్లున్న ప్లీడరుకు ఈ యోగం ఉందా?

ఆ ఆదివారం రానే వచ్చింది. అమ్మ, చుట్టాలు ముందే బస్సులో జగ్గయ్యపేట వెళ్లిపోయారు. కారు చూస్తేనే పిల్ల తరఫువాళ్లకు గౌరవమని, నన్నూ బుల్లిబాబునీ అందులో రమ్మన్నారు. జరీ అంచు పంచె కట్టి, సెంటు రాసుకుని బయల్దేరాను. గాలికి కండువా ఎగురుతోంది. బుల్లిబాబు ఈల వేస్తున్నాడు. చిల్లకల్లు దాకా ప్రపంచమంతా మాదే!

చిల్లకల్లు దగ్గర ఎడమకు తిరిగితే జగ్గయ్యపేట, కుడికి తిరిగితే వత్సవాయి.

కుడి పక్కగా గుండ్రంగా తిరిగొస్తే ఎడమ దారి దొరుకుతుంది కదా అని లెక్కల మాస్టార్లు అనవచ్చు. తిరగడానికి చోటుండాలి కదండీ! సెంటరు నిండా పత్తి కుక్కిన బోరేల బళ్లు బారులు తీరి ఉన్నాయి. వెనకాల లారీవాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యడు. ఎడమకు తిప్పాను. కిర్రుమంది. కుడికి తిప్పాను. పోయింది!

"వెడల్పు రోడ్డు తగలగానే వెనక్కి తిరుగుదాం బావా," అన్నాడు బుల్లిబాబు.

వెడల్పు రోడ్డు తగిలే లోపల వత్సవాయి తగిలింది. ఒక పెంకుటింటి ముందు, వరప్రసాదరావుగారి సూదుల్లో ఒకటి ఠప్పున పేలింది.

ఆ ఇల్లు వీరరాఘవయ్యగారిది. పత్తి, మిరప వేసే రైతు. పెద్దమనిషి. పాలేర్లను పిలిచి కారును పక్కకు పెట్టించి, మజ్జిగ ఇప్పించి, అరుగు మీద కూర్చోబెట్టాడు. అరుగు చివర ఆయన కూతురు పుష్పవతి పేపరు చదువుకుంటోంది. గుంటూరులో బి.ఏ. ప్యాసై వచ్చిన పిల్ల. పేపరు మడిచి పెట్టి కారు కేసి చూసింది.

"ఇవేం టైర్లండీ? ఒకదాని మొహం ఒకటి చూసుకునేట్టు లేవు!"

"ఆర్నెల్లు వెతికి ఎంపిక చేసినవండి," అన్నాను కాస్త నొచ్చుకుని.

"జరీ పంచెలు కట్టి ఎక్కడికి బాబూ ప్రయాణం?" అన్నాడు వీరరాఘవయ్యగారు.

"జగ్గయ్యపేటకండి. పెళ్లిచూపులకి."

"మరి ఇటొచ్చారేంటి?"

"కారు ఎడమకు తిరగదండి."

ఆయన నవ్వాడు. పాలేర్లు నవ్వారు. గాటికి కట్టిన గేదె కూడా తలెత్తి చూసింది. పుష్పవతి మాత్రం నవ్వలేదు.

"చూపులు ఎంతసేపుంటయ్యండి?" అని అడిగింది.

"ఓ అరగంట," అన్నాడు బుల్లిబాబు.

"టైర్లకి ఆర్నెల్లు. పిల్లకి అరగంట. బాగుంది. పోనీ, మీరు ఆ పిల్లకి నచ్చిందీ లేందీ ఎవరడుగుతారు?"

"అట్టా అడిగే అలవాటు లేదండి మా వైపు."

"టైరు కొనేటప్పుడు కూడా రిమ్ముకి పడుద్దో లేదో చూస్తారు కదండీ!"

"అమ్మాయ్!" అన్నాడు తండ్రి.

"తప్పేమన్నా నాన్నా?" అంది ఆ పిల్ల. మునసబు కోర్టులో సాక్షుల్ని చెమటలు పట్టించే ప్లీడరుని, మజ్జిగ గ్లాసు పట్టుకుని దాని అడుగు కేసి చూస్తూ కూర్చున్నాను.

టైరు అతికించి, కుడికే తిరుక్కుంటూ జగ్గయ్యపేట చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. చుట్టాలు వెళ్లిపోయారు. అమ్మ బస్టాండులో కూర్చుని ఉంది. ఆవిడ నన్ను అన్న మాటలు అచ్చుకు పనికిరావు.

మర్నాడు బస్సెక్కి, క్షమాపణ చెప్పుకోవడానికి కమలాకుమారి ఇంటికి నేనే వెళ్లాను. ఆ పిల్ల తండ్రి కొండలరావుగారు తిట్టవలసినంతా తిట్టి, మనిషి చల్లబడి, "సరే, జరిగిందేదో జరిగింది. ఇంతకీ తాంబూలాలు ఎప్పుడు పుచ్చుకుందాం?" అన్నాడు. పిల్లను ఇంకా చూడనేలేదు!

నాకేమైందో తెలియదు. నోరు దానంతటదే తెరుచుకుంది. "అయ్యా, నేనిష్టమో కాదో మీ అమ్మాయిని ఒక్కసారి అడుగుతారా?"

కొండలరావుగారు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఇంట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు తలుపు వెనక నుంచి ఒక గొంతు, సన్నగానే అయినా స్పష్టంగా వినపడింది.

"ఇష్టం లేదు నాన్నా. నేను టీచరు ట్రైనింగుకి పోతా. నాలుగేళ్ల నుంచి చెప్దామనుకుంటున్నా, ఎవరూ అడగలా!"

కొండలరావుగారు కుర్చీలో కూలబడ్డాడు. నేను బయటికొస్తుంటే తలుపు సందులోంచి కమలాకుమారి చేతులు జోడించింది. నాకు కాదు. "మీ కారుకు చెప్పండి," అంది! ఆ అమ్మాయి ఇప్పుడు ట్రైనింగులో ఉంది. అంతదాకా మాటా మంచీ లేని తండ్రీకూతుళ్లు ఇప్పుడు వారం వారం ఉత్తరాలు రాసుకుంటున్నారట.

ఆ మరుసటి ఆదివారం నేను మళ్లీ వత్సవాయిలో ఉన్నాను. ఈసారి టైరు పేలలేదు. వీరరాఘవయ్యగారి ముందు నిలబడి, "మీ అమ్మాయికిష్టమైతే చేసుకుంటానండి," అన్నాను. ఆయన కూతురి వైపు చూశాడు.

"ఆర్నెల్లు చూసి చెప్తా," అంది పుష్పవతి.

చూసిందండీ! ప్రతి ఆదివారం వాళ్ల అరుగు మీద, పక్కన తండ్రిని కూర్చోబెట్టుకుని చూసింది. కోపమొస్తే ఏం చేస్తారంది. మీ అమ్మగారూ నేనూ తగాదా పడితే ఎటు నిలబడతారంది. మంచినీళ్లు మీరే ముంచుకుంటారా, ఎవరైనా ఇవ్వాలా అంది. ఒకసారి చెప్పాపెట్టకుండా కోర్టుకొచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఆ రోజే నేను కేసు ఓడిపోవాలా! నా కక్షిదారు సాంబయ్య, ఊరికి వెళ్లి ఏం చెప్పుకోనండీ అని ఏడిస్తే, తప్పు నాదేననీ, అడగవలసిన ప్రశ్న అడగలేదనీ చెప్పి, బస్సు దాకా వెంట వెళ్లి ఎక్కించి వచ్చాను. తిరిగి చూస్తే చెట్టు కింద పుష్పవతి.

"ఇక చూసింది చాల్లెండి," అంది. "లోపాలు చాలానే ఉన్నయ్యి. అన్నీ చూశాకే ఇష్టమంటున్నా."

ఒక్క మాట చెప్పనా? ఇన్నేళ్ల నా ప్లీడరీలో అంత మంచి తీర్పు నేను వినలేదు. వైశాఖంలో పెళ్లయింది. మా అమ్మా పుష్పవతీ మొదటి వారమే తగాదా పడ్డారు. నేను కారు తుడుస్తూ నిలబడ్డాను.

ఇదండీ, టైర్లు దొరక్కపోవడం వల్ల నాకు కలిగిన మేలు. ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు! ఈ ఆర్నెల్ల సంగతి వత్సవాయి నుంచి ముక్త్యాలకూ, అక్కణ్ణించి చెవిటికల్లుకూ పాకింది. కాఫీ పళ్లెం పట్టుకుని తల వంచుకు రావలసిన పిల్లలు తలెత్తి, "మాకూ కాస్త వ్యవధి ఇవ్వండి," అంటున్నారు. మా బుల్లిబాబు పోయినెల చెవిటికల్లులో చూపులకు వెళ్లాడు. ఆ పిల్లా ఆర్నెల్లు అడిగింది. మూడో వారానికే, "ఇక చూడక్కర్లేదు, తెలిసిపోయింది," అని చెప్పి పంపింది! బుల్లిబాబు నాతో మాట్లాడటం మానేశాడు. పెళ్లి కావలసిన కుర్రాళ్లు నేను ఎదురైతే వీధి మారుతున్నారు.

కనక ప్రభుత్వం వారికి, మగపిల్లలందరి తరఫునా చేతులు జోడించి మనవి చేసుకుంటున్నాను. ఇంతసేపూ వరమన్నాను. నిజమే, కానీ ఎవరికి వరమో ఆలోచించకుండా అన్నాను. దయచేసి ఆ టైర్లేవో వెంటనే తెప్పించండి! కార్లు వెళ్లవలసిన ఇంటికి తిన్నగా వెళ్లాలి. చూపులు అరగంటలో ముగియాలి. తాంబూలాలు ఆ పూటే పుచ్చేసుకోవాలి. ఆడపిల్లలకు ఆలోచించుకునేందుకు వ్యవధి దొరికితే, మాలో పెళ్లికి పనికొచ్చేవాళ్లు ఎంతమంది తేలతారండీ?