చిటికెడు పొడి, కదలని ఫైలు

ఆఫీసులో ఫైలు కదలకపోవడం జనానికి శాపమని ఎవరన్నారు? అది వరం. నవ్వకండి! నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసే ఒక కెమిస్టమ్మ కథ వింటే మీరే ఒప్పుకుంటారు.

వానాకాలం వస్తే కుళాయిల్లో టీరంగు నీళ్లు వస్తాయి. తిట్లన్నీ ఆవిడకే. బురదను ముద్దకట్టించి అడుగుకు దించే మందు ఒకటి ఉంది. ఎక్కడో కొండను తవ్వి, ఖనిజాన్ని కరిగించి, లారీల మీద తెస్తారు. అది మిగిల్చే మడ్డిని ఎక్కడ పారబోయాలో ఎవరికీ తెలియదు.

ఆవిడ అక్క మొగుడు పేపరు మిల్లులో బాయిలరు దగ్గర ఉంటాడు. కర్రను ఉడికించి గుజ్జు తీశాక నల్లటి ద్రవం మిగులుతుందనీ, చెట్టును నిటారుగా నిలబెట్టే జిగురంతా అందులోనే ఉంటుందనీ, దాన్ని పొయ్యిలో పోసి తగలేస్తామనీ ఒక ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు. ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. బురదను పట్టడానికి కావలసింది కూడా జిగురే కదా!

మిల్లు మేనేజరును అడిగి బావ ఒక డబ్బా తెచ్చిచ్చాడు. రెండేళ్లు దానితోనే కాపురం. ల్యాబంతా కంపు, చీరలకు మరకలు, ఇంట్లోవాళ్లు రెండు బారల దూరం. చివరికి గోధుమరంగు పొడి తయారైంది. బురదనీళ్లలో చిటికెడు వేసి కలిపితే మట్టి ముద్దలై కిందికి దిగింది, పైన నీళ్లు తేటగా నిలిచాయి. పరీక్షలన్నీ మూడుసార్లు చేయించి, మొదటి గ్లాసు తానే తాగింది.

అక్కడి నుంచి వరం మొదలైంది.

ఈ పొడిని ఊరి నీళ్లలో వాడదామని ఆవిడ ఫైలు పెడితే, చెట్టు అడవి శాఖది, మందు పరిశ్రమల శాఖది, నీళ్లు మాత్రమే మనవి అన్నాడు నీటి శాఖ డైరెక్టరు. మూడు శాఖలూ కలిసి కమిటీ వేసుకోవడానికి ఏడాది పట్టింది. తొందరపడి జనానికి మంచినీళ్లు ఇచ్చేస్తే రేపు బాధ్యులెవరు?

కమిటీ కూర్చున్న రోజు ఆవిడ ప్రతి సభ్యుడి ముందూ ఒక గ్లాసు పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. పొడి రంగు చూస్తే జనం అనుమానిస్తారు, తెల్లగా చేసి తెమ్మన్నాడు డైరెక్టరు. దానికి బ్లీచింగు కావాలనీ, చెట్టు నుంచి వచ్చిన మందుకు అంత విషం పట్టించడం దేనికనీ ఆవిడ విడమరిచి చెప్పింది.

"అయినా తెల్లగా ఉంటే బాగుంటుంది కదమ్మా," అన్నాడాయన.

"నేను చెయ్యను సర్," అంది.

గ్లాసులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫైళ్లు మోసుకుని మూడంతస్తులు ఎక్కొచ్చిన అటెండరుకు మాత్రం దాహం ఆగలేదు. దగ్గర్లో ఉన్న గ్లాసు తీసుకుని గటగటా తాగేశాడు. ఎలా ఉన్నాయని ఆవిడ అడిగింది.

"నీళ్లలాగే ఉన్నాయమ్మా."

ఆ అభిప్రాయం సభ్యుడిది కాదు కనుక పరిగణనలోకి తీసుకోలేదని మినిట్సులో రాశారు.

మర్నాడు పొద్దున్నే అటెండరు రెండు ఖాళీ క్యాన్లతో ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. పరీక్షల కోసం రోజూ శుద్ధిచేసే నీళ్లు ఎలాగూ కాలవలోకే పోతున్నాయి. బయటికి ఇస్తే మెమో వస్తుంది, ఉద్యోగమూ పోవచ్చు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి పంపు తిప్పింది. వారం తిరిగేసరికి అటెండరు వీధి వీధంతా వచ్చింది. ఆవిడ రోజూ మెమో కోసం ఎదురుచూసింది. రాలేదు.

మూడో వారంలో డైరెక్టరుగారి డ్రైవరు ఇరవై లీటర్ల క్యానుతో దిగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సారు ఇంటికమ్మా. పేరు మాత్రం రాయకండి."

మెమో ఎందుకు రాలేదో ఆవిడకు అప్పుడు అర్థమైంది. కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. క్యాను తీసుకెళ్లి వరస చివర పెట్టింది.

"మీ ముందు పదిహేడు మంది ఉన్నారు. నిలబడండి."

ఇప్పుడు చెప్పండి, ఇది వరం కాదా? ఫైలు కదిలి ఉంటే ఆ నీళ్లు ఊళ్లో ప్రతి కుళాయికీ వచ్చేవి. డైరెక్టరుగారూ, నేనూ ఒకటే నీళ్లు తాగాల్సి వచ్చేది. అంత అనర్థం తప్పిపోయింది కనుకనే, మా వీధిలో ఈ ఉదయం కూడా కుళాయికి గుడ్డ కట్టి బిందెలు నింపుకున్నాం.