నిచ్చెన రెండడుగులు జరిగిన వైనం

సర్వలోకవ్యాపినీ, సకలగవాక్షనివాసినీ, తుడిచినకొద్దీ పుట్టుకొచ్చే ఓ ధూళిదేవీ, తొలి మొక్కు నీకే. నువ్వు లేకుంటే ఈ కథా లేదు, ఈ కథానాయిక ఇంట పొయ్యీ వెలగదు.

తిమిరసంహారకుడైన సూర్యభగవానుడు ఎదుటి మేడ మీది నీళ్ళ ట్యాంకు వెనక నుంచి తల ఎత్తి, ఇంకా ఆవులిస్తున్న వీధిని అరుణకిరణాలతో తట్టి లేపుతున్న వేళ, దుకాణాల షట్టర్లు ఒకదాని వెంట ఒకటి రణభేరుల్లా మోగుతూ పైకి లేస్తున్న వేళ, ఆ పూటే తెరవబోతున్న ఒక సోఫాల షాపు ముందు, తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తున నిలిచిన అద్దాలగోడకు ఎదురుగా, ఎడమచేత సబ్బునీళ్ళ బకెట్టు, కుడిచేత వైపరు ధరించి, నడుముకు తడిగుడ్డ, పొడిగుడ్డ జంటపతాకాల్లా వేలాడుతుండగా, మాలిన్యమదభంజని, మచ్చల పాలిటి మృత్యుదేవత అయిన వదిన వచ్చి నిలిచింది.

వదిన అన్నది ఆ వీధంతా పిలిచే పేరు. ఆమె నిచ్చెన మీద ఉంటే కింద నిచ్చెన పట్టుకునేది ఆమె ఆడపడుచు. ఆ పిల్ల పొద్దస్తమానం "వదినా, వదినా" అని కేకలు వేయడం విని విని జనానికీ అదే అలవాటైంది. వాళ్ళిద్దరికీ ఇంట్లో ఉప్పూ నిప్పూ. నిచ్చెన దగ్గర మాత్రం పాలూ నీళ్ళూ.

యుద్ధం మొదలైంది. పైనుంచి కిందికి రావాలే గాని కిందినుంచి పైకి పోకూడదని, తుడిచిన అద్దం మీద మళ్ళీ మురికినీళ్ళు కారనివ్వకూడదని ఎరిగిన ఆ వీరనారి, బకెట్టులో ముంచిన గుడ్డమాపుతో సబ్బునురుగు పట్టించి, వైపరును వంకీలు తిప్పుతూ నాగుపాములా జారవిడిచి, దాని అంచును గుడ్డతో తుడిచి, మళ్ళీ జారవిడిచి, సిమెంటు ధూళినీ, పెయింటు చుక్కలనీ, తాపీమేస్త్రీల వేలిముద్రలనీ వరుసపెట్టి యమపురికి పంపింది. ఆకాశం అద్దంలోకి దిగివచ్చింది. దారినపోయే ఒక స్కూటరాయన అందులో చూసుకుని జుట్టు సవరించుకున్నాడు.

అయితే శత్రుసేనలో ఒక్కడు మిగిలాడు. కుడిపక్క పైమూలన, ఏ కపోతరాజమో కొన్నాళ్ళ కింద విసర్జించి ఎగిరిపోగా, ఎండకు ఎండి ఎండి శిలాశాసనమై కూర్చున్న ఒక తెల్లని రెట్ట. పొడుగు కర్రకు మాపు కట్టి కిందినుంచి రుద్దితే చలించలేదు. నిచ్చెన పైనుంచి చెయ్యి చాపితే జానెడు దూరంలో నిలిచి వెక్కిరించింది.

షాపు యజమాని కింద కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. రిబ్బను కోసే పెద్దమనిషి బయలుదేరాడట. ఫొటోలవాడు సరిగ్గా ఆ మూలనే నేపథ్యంగా ఎంచుకున్నాడట. ఆ మచ్చ ఫొటోలో పడితే తన జన్మ వృథా అని ఆయన వాపోయి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు.

"కాస్త ఒరిగితే అందుతుంది కదమ్మా. ఒక్క నిమిషం పని."

వదినకు రోషం పొడుచుకొచ్చింది. ఇన్నేళ్ళ వృత్తిలో ఒక్క మచ్చనూ ప్రాణాలతో వదిలి వెళ్ళని చరిత్ర ఆమెది. ఎడమచేత కమ్మీ పట్టి, కుడిచేయి సాచి, నడుము వంచి, ఇంకాస్త, ఇంకొక్క వేలెడు అని ఒరిగేసరికి, ఐరావతం ఒళ్ళు విరుచుకున్నట్టు నిచ్చెన కిర్రుమంది. ఒక కాలు నేలను వదిలి మళ్ళీ ఆనింది.

"వదినా, బొడ్డు," అంది కిందినుంచి ఆడపడుచు.

చూస్తున్నవాళ్ళు నవ్వారు. వదిన నవ్వలేదు. నిచ్చెన మీద ఉన్నవాళ్ళ బొడ్డు రెండు నిలువు కమ్మీల మధ్యే ఉండాలి, దాటిందంటే మనిషి గాలిలో ఉన్నట్టే అని ఆ ఇద్దరికీ నేర్పినవాడు వదిన మొగుడు. నేర్పింది తాను పడ్డాక. అంతకుముందు అతనూ ఈ విద్యలో ఎదురులేని మొనగాడే. వదిన మెల్లగా నిటారుగా నిలిచింది. ఒక్కో మెట్టూ తడిమి చూసుకుంటూ దిగింది.

నిచ్చెనను కుడికి రెండడుగులు జరిపితే చాలు, చిక్కు తీరుతుంది. కాని సరిగ్గా ఆ చోట, ఒక ప్లాస్టిక్ కుర్చీలో, చేతిసంచి ఒడిలో పెట్టుకుని, దుర్భేద్యదుర్గంలా యజమాని అత్తగారు కూర్చుని ఉంది.

మొదటి రాయబారానికి ఆడపడుచు వెళ్ళింది. పెద్దావిడ ఆమె ఊరూపేరూ, చదువూ, పెళ్ళి సంగతీ అడిగి, కుర్చీ సంగతి రాకముందే పంపేసింది. రెండో రాయబారానికి సాక్షాత్తూ అల్లుడే కదిలాడు. బ్యాంకు మేనేజరు ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోగల ఆ ధీరుడు చేతులు కట్టుకుని నిలబడి, ఎండ బాగా ఎక్కుతోందని, నీడకు జరిగితే ఆరోగ్యమని విన్నవించాడు. కుర్చీకోసం వెళ్ళినవాడు ఖాళీ కాఫీ కప్పుతో తిరిగొచ్చాడు.

"నావల్ల కాదమ్మా. నువ్వే కాస్త ఒరుగు," అన్నాడు మళ్ళీ.

వదిన కొంగుతో మొహం తుడుచుకుని తానే వెళ్ళి కుర్చీ పక్కన గొంతుక్కూచుంది. పెద్దావిడ ఆమెకు నోరు విప్పే సందివ్వలేదు.

"లోపల కూర్చుంటే సోఫా నలుగుతుందన్నాడు మా అల్లుడు. బయట కూర్చుంటే నిచ్చెనకు అడ్డమంటున్నారు. ఇక మిగిలింది మీ నెత్తిన కూర్చోవడమే."

వదిన దగ్గర తీపిమాటలు చాలానే సిద్ధంగా ఉన్నాయి. ఆ ముసలిగొంతులోని నొప్పి విన్నాక అవన్నీ పక్కన పెట్టింది.

"నా మొగుడు ఇలాగే జానెడు దూరానికి ఒరిగాడమ్మా. ఇప్పుడు గోడ పట్టుకోనిదే మెట్టు దిగలేడు. నేను ఒరగను. మీరు లేవకపోతే ఆ మచ్చను అలాగే వదిలి ఇంటికి పోతాను."

పెద్దావిడ తల పైకెత్తి మచ్చను చూసింది. నిచ్చెనను చూసింది. "అంత ఎత్తునుంచి పడ్డాడా?" అని అడిగింది.

"ఎత్తు తక్కువేనమ్మా. కిందది బండ."

ఆవిడ చేతిసంచి భుజాన వేసుకుని, వదిన భుజం ఆసరాగా లేచి నిలబడి, అల్లుడి వైపు తిరిగింది. ఇప్పుడు తాను ఎక్కడ కూర్చోవాలో సెలవివ్వమంది. యుద్ధరంగం మొత్తం అల్లుడి మీదికి మళ్ళింది. అతను షాపులోకి చూశాడు, మచ్చను చూశాడు, గడియారం చూశాడు. అద్దం వెనకనే ఉన్న నీలిరంగు సోఫా చూపించాడు. షాపుకంతటికీ తలమానికమది.

"కవరు తీయించు. కూర్చుంటే గరగరలాడుతుంది," అందావిడ.

నిచ్చెన రెండడుగులు జరిగింది. ఆడపడుచు దాని కాళ్ళు ఊపి చూసి, కింది మెట్టు మీద కాలు అదిమి, తలూపింది. వదిన ఎక్కింది. బొడ్డుకు ఎదురుగా మచ్చ. తొందరపడి గీకితే అద్దం మీద గీతలు పడతాయి కనుక తడిగుడ్డ దాని మీద పరిచి, అది నాని మెత్తబడేదాకా అరచేత్తో అదిమిపట్టి, ధ్యానంలో ఉన్న మునిలా కళ్ళు మూసుకుంది. గుడ్డ తీసి ఒక్క తోపు తోసేసరికి ఆ దుర్జయుడు ముద్దలా ఊడి బకెట్టులో పడ్డాడు. వైపరు ఒక్కసారి కిందికి దిగింది. పొడిగుడ్డ అంచులు తుడిచింది. అక్కడ అద్దమున్నట్టే లేదు.

లోపల నీలిసోఫా మీద కొలువుదీరిన పెద్దావిడ అది చూసి, ఉత్సాహం పట్టలేక లేచి, "ఇదిగో ఇక్కడ ఇంకా ఉంది" అన్నట్టు అద్దానికి వేలు గట్టిగా ఆనించి చూపింది. వదిన దిగివచ్చి చూసింది. మచ్చ నిజమే. కాని అది లోపలిది, ఇప్పుడే పుట్టింది, అచ్చంగా అత్తగారి వేలిముద్ర.

వదిన నడుముకున్న పొడిగుడ్డ విప్పి యజమాని చేతిలో పెట్టింది. వీధి మలుపులో పెద్దమనిషి కారు కనిపిస్తుండగా, అతను సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అత్తగారు వేలితో చూపిన చోటల్లా తుడవసాగాడు.

ఓ నిచ్చెనలెక్కే సమస్తజనులారా, ఆ పూట ఆ వీధిలో ఒక రెట్ట రాలింది, ఒక కుర్చీ కదిలింది. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దిగారు. జయము, జయము.