ఎడమ చెయ్యి లేని వేదాంతం

గురువారం పొద్దున వినోద వేసుకున్న పథకం చాలా చిన్నది. తండ్రి నర్సింగ్ చాయ్ తాగడానికి వెళ్లినప్పుడు ఆయన మిషన్ మీద తన జాకెట్‌కు చివరి కుట్టు వేసుకోవాలి. ఆయన తిరిగి వచ్చేలోగా దాన్ని సంచిలో పెట్టేసుకోవాలి. పది గంటల బస్సుకు హైదరాబాద్ వెళ్లిపోవాలి. ఎవరి కంటా పడకూడదన్నది ఇందులో అసలు సంగతి.

అంత దాచుకోవలసిన తప్పుడు పనేమీ కాదది. వినోద హైదరాబాద్‌లో బట్టల డిజైన్ చదువుతోంది. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక భావం తీసుకుని ఆరు ఉడుపులు తయారు చేయాలి. తోటివాళ్లు పువ్వులనీ, వాననీ, చార్మినార్ గాజులనీ తీసుకుంటే వినోద వేదాంతాన్ని తీసుకుంది. ఇది కాదు, ఇదీ కాదు అంటూ ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేదే సత్యమట. అందుకని ఆమె కూడా తీసేసుకుంటూ పోయింది. ఆరో ఉడుపైన ఆ తెల్ల ఖద్దరు జాకెట్‌కు ఎడమ చెయ్యి లేదు. అది వదిలేసిన అహంకారం. వీపు మీద పళ్లెమంత గుండ్రటి బొక్క ఉంది, అది శూన్యం. కుట్లన్నీ బయటికి ఉన్నాయి. అది లోపలి మనిషి. అంచున దారాలు వేలాడుతున్నాయి; అవి తెగని బంధాలు. కాలేజీలో ఇదంతా చెబుతుంటే ఆమె కళ్లు మెరుస్తాయి. నారాయణఖేడ్‌లో బస్సు డిపో వెనక సందులో, ఇరవై ఆరేళ్లుగా జాకెట్లకు రెండు చేతులూ కుడుతున్న తండ్రి ముందు మాత్రం నోరు పెగలదు.

చివరి కుట్టు పడుతుండగా మణెమ్మ వచ్చింది. నాగల్‌గిద్ద దగ్గర కందులు, జొన్నలు పండించే పెద్ద కుటుంబానికి పెద్ద కోడలు. ఆ ఇంటి ఆడవాళ్ల రవికలన్నీ నర్సింగే కుడతాడు. ఆమె ఒక మూట బల్ల మీద పెట్టింది.

"ఏడుగురికి ఏడు రైకలు పిల్లా. ఐతారం బోరంచ నల్లపోచమ్మకు బోనాలు ఎత్తుతున్నం. అందరికి ఒక్క తీరుగనే ఉండాలె. కొలతలు మీ నాయిన బుక్కుల ఉన్నయి. ఆది యేరే తేలే, నా ఒంటి మీదున్నదే ఆది. గీ మెడ, గీ చేతులు చూస్కో, మీ నాయినకు చెప్పు."

ఆది జాకెట్ అంటే కొత్తవాటికి నమూనాగా ఇచ్చే పాత జాకెట్. టైలర్‌కు అది దేవుడి మాటతో సమానం. వినోద తలూపింది కానీ, ఆమె మనసంతా ఒళ్లో ఉన్న శూన్యాన్ని ఎట్లా దాచాలా అని కొట్టుకుంటోంది. మణెమ్మ చూపు అటే వచ్చింది.

"గదేంది, ఎలుక కొట్టిందా?"

"ఏం లేదు పెద్దమ్మా, పాతది," అని వినోద దాన్ని గబగబా మడిచి, చేతికి అందిన చోట తోసేసింది. చేతికి అందింది మణెమ్మ మూట. మణెమ్మ మాటల్లో పెట్టి బస్సు వేళకు గానీ కదల్లేదు, ఆమె అటు వెళ్లగానే నర్సింగ్ చాయ్ తాగి వచ్చాడు. "నాయినా, పెద్దమ్మ మూట ఇచ్చింది, ఏడు రైకలు, ఐతారానికి," అని చెప్పి వినోద సంచి భుజాన వేసుకుని పరిగెత్తింది. ఒంటి మీది ఆది సంగతి చెప్పడం మరిచిపోయింది.

నర్సింగ్ మూట విప్పాడు. పసుపుపచ్చ బట్ట ఏడు ముక్కలు, మధ్యలో ఒక ఆది జాకెట్. దాన్ని ఎత్తి పట్టుకుని చూశాడు. బొక్కలోంచి ఎదురుగా గోడ మీది క్యాలెండర్ కనిపించింది. తిప్పి చూశాడు. లోపలికి బయటికి తేడా తెలియలేదు. ఎడమ చెయ్యి కోసం మూట అంతా వెతికాడు.

కస్టమర్‌ను అడగొచ్చు. అడిగితే "నర్సింగ్‌కు కొత్త మోడళ్లు తెలియయి" అంటారు. పట్నంలో చదివే బిడ్డకు ఫోన్ చేయొచ్చు. చేస్తే ఆమె నవ్వుతుందేమో. నా కాలం అయిపోయినట్టుందని ఆయన సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి, అద్దాలు తుడుచుకుని, కత్తెర తీశాడు.

వినోదకు జాకెట్ సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. ఫోన్ చేసింది.

"నాయినా, మణెమ్మ పెద్దమ్మ మూటల ఒక జాకెట్ ఉంటది, చూసినవా?"

"చూసిన బిడ్డా. దాన్ని ముంగట పెట్టుకునే కూసున్న."

అది తనదని చెప్పాలనుకుంది. చెబితే వేదాంతం కూడా చెప్పాలి. పక్క సీటులో మనుషులున్నారు. "పైలంగ ఉంచు," అంది.

"ఎందుకుంచ. గా ఎడమ చెయ్యి…" అని నర్సింగ్ ఆగిపోయాడు. అడగడానికి మనసొప్పలేదు. "ఏం లేదు, జాగ్రత్తగ పో," అని పెట్టేశాడు. తండ్రికి ఎడమ చేతి నొప్పి మళ్లీ మొదలైందేమోనని వినోద తిరిగి వచ్చేదాకా దిగులు పడింది.

కాలేజీలో మిగతా అయిదింటికి మెరుగులు దిద్దుకుని, ఆదివారం మొదటి బస్సుకు తిరిగి వచ్చింది. సోమవారం పరీక్ష. జాకెట్ తీసుకుని మళ్లీ వెళ్లిపోవాలి. షాపు ముందు మణెమ్మ వాళ్ల జీపు ఆగి ఉంది. లోపల తీగ మీద ఏడు పసుపుపచ్చ జాకెట్లు వరసగా వేలాడుతున్నాయి. ఏడింటికీ ఎడమ చెయ్యి లేదు. ఏడు వీపుల్లోంచీ గోడ కనిపిస్తోంది. నర్సింగ్ ఆదిలోని దారాలు కూడా లెక్కపెట్టి, దేనికి దానికి పదకొండేసి వదిలాడు.

వినోద నోరు తెరిచేలోపే చిన్న తోటికోడలు ఒక జాకెట్ లాక్కుని పరదా వెనక్కి వెళ్లింది. లోపలి నుంచి గొంతు వినిపించింది.

"అక్కా, నాకు ఒక చెయ్యి దొరుకుతలేదు."

"సరింగ ఎతుకు, లోపటనే ఉంటది," అంది మణెమ్మ.

"లోపటంత ఎతికిన. ఎనక కూడ ఏం లేదు."

మణెమ్మ తీగ మీది జాకెట్లు చూసింది, నర్సింగ్‌ను చూసింది. "ఏందన్నా ఇది?"

"ఆది ఎట్లున్నదో అట్లనే కుట్టిన అక్కా," అని నర్సింగ్ తెల్ల జాకెట్ చూపించాడు.

"ఆది నా ఒంటి మీద ఉండె. నీ బిడ్డకు చెప్పి పోతి గద."

నర్సింగ్ వినోద వైపు చూశాడు. ఆమె ముఖం కంది గింజలా ఎర్రబడి ఉంది. ఆయనకు అంతా కాకపోయినా కావలసినంత అర్థమైంది. తలవంచుకుని, "బిడ్డ చెప్పింది అక్కా. నేనే మరిసిన. ఈ నడుమ చూపు గూడ సరింగ ఆనుతలేదు," అన్నాడు.

"ఇగ నర్సింగన్న పని అయిపోయినట్టే. వచ్చేసారి యేరే టైలర్‌ను చూసుకుందం," అని వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు. మెల్లగా అన్నా అందరికీ వినపడింది. ఇరవై ఆరేళ్ల పేరు తన కళ్ల ముందే పోతుంటే, నిలబడ్డ చోటే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది వినోదకు. భూమి అందుకు ఒప్పుకోలేదు.

"నాయిన తప్పు లేదు పెద్దమ్మా. నువ్వు చెప్పింది నేనే చెప్పలే. ఆ తెల్లది నాది. నేనే అట్ల కుట్టిన."

"కావాల్నని కుట్టినవా?"

ఇక తప్పలేదు. ఏడుగురు ఆడవాళ్ల ముందు వినోద వేదాంతం చెప్పింది. కాలేజీలో అరగంట చెప్పేది ఇక్కడ నాలుగు ముక్కల్లో అయిపోయింది, అవీ తడబడుతూ. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"చెయ్యి తీస్తే అహంకారం పోతదా?" అని మణెమ్మ నిజంగానే ఆలోచించింది. "అట్లయితే మా చిన్నదానికి రెండు తియ్యాలె. అది తర్వాత చూద్దం. పొద్దు నెత్తి మీదికి రాకముందే బోనం ఎత్తాలె, ఇప్పుడు చేతులు కుట్టు."

కుట్టని చేతుల బట్ట మిగిలే ఉంది. వినోద ఒక మిషన్ మీద, నర్సింగ్ ఇంకో మిషన్ మీద కూర్చున్నారు. ఆడవాళ్లు బయటి కుట్లు విప్పుతూ, తెగని బంధాలను పళ్లతో తెంపుతూ కూర్చున్నారు. వినోద తలెత్తకుండా అహంకారాన్ని ఒక్కొక్కటే తిరిగి అతికించింది, శూన్యాలకు మాసికలు వేసింది. పదకొండుకల్లా ఏడుగురూ రెండేసి చేతులతో జీపెక్కారు. మణెమ్మ ఎక్కబోతూ, "వచ్చే నెల మా మరదలి సీమంతం ఉన్నది నర్సింగన్నా, నువ్వే కుట్టాలె," అంది. వినోదకు అప్పుడు ఊపిరాడింది.

తన జాకెట్ కోసం వెనక్కి తిరిగింది. నర్సింగ్ దాన్ని అప్పటికే ఇస్త్రీ చేసి మడతపెట్టాడు.

"పరీక్షకు గట్ల ఎట్ల తీస్కపోతవు, నీది గూడ బాగు చేసిన బిడ్డా."

తెల్ల జాకెట్‌కు పసుపుపచ్చ ఎడమ చెయ్యి వచ్చింది. వీపు మీద పసుపుపచ్చ గుండ్రటి మాసిక, చుట్టూ కంటికి కనపడనంత సన్నటి కుట్టు. దారాల్లేవు. నెలల కష్టం. వినోద గొంతు దాకా వచ్చిన కేకను తండ్రి ముఖం చూసి మింగేసింది. పరువు పోతుంటే కూడా తన మీద మాట పడనివ్వని మనిషి, ఇప్పుడు బిడ్డ మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాడు. "మంచిగున్నది నాయినా," అంది. అంతకన్నా ఎక్కువ సిగ్గు ఆమెకు పొద్దుటి నుంచీ కలగలేదు.

సోమవారం పీటర్ సార్ అయిదు ఉడుపులు చూసి, వినోదకు విప్పడానికి మనసొప్పని ఆరోదాని దగ్గర ఆగాడు. ఆయన వినోదకు గైడు.

"ఈ చెయ్యి ఏంటి? మీ భావం ప్రకారం ఉండకూడదు కదా. ఎవరు కుట్టారు?"

పసుపుపచ్చకు సరిపోయే వేదాంతాలు వినోద నాలుక మీదికి మూడు వచ్చాయి. మూడూ బాగానే ఉన్నాయి. నాలుగేళ్లుగా తండ్రిది బట్టల వ్యాపారమని చెప్పుకుంటూ వచ్చిన ఆ నాలుకే ఇది కూడా.

"మా నాయిన సార్. నారాయణఖేడ్‌ల టైలర్. చెయ్యి లేని జాకెట్‌తోని బిడ్డ పరీక్షకు పోవద్దని కుట్టిండు."

పీటర్ సార్ మాసిక మీద వేలితో రాసి చూసి, కాగితం మీద రాసుకున్నాడు. ఫలితాల్లో కుట్టుపనికి ఇరవైకి ఇరవై వచ్చాయి, అవి నర్సింగ్‌వి. భావానికి వచ్చినవి వినోదవి, వాటి సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు.