పగటి డాక్టరు

దొరువుపాళెం ప్రాథమిక ఆరోగ్యకేంద్రం ప్రారంభోత్సవానికి డాక్టరు స్వయంగా, శరీరంతో సహా హాజరవుతాడని ఉపమంత్రిగారు నెల్లూరు సభలో ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. స్వరాజ్యం వచ్చి పన్నెండేళ్లయినా ఇంత సాహసమైన హామీ ఆ జిల్లాలో ఎవరూ ఇచ్చి ఉండలేదు.

వెనక వరుసలో కూర్చున్న చెంచురామయ్యకు మాత్రం ముచ్చెమటలు పోశాయి. తీరప్రాంతంలో పార్టీ అంటే ఆయనే. దేశసేవ తప్ప వేరే వ్యాపకం లేని మనిషి గనక ఆ ఆస్పత్రి కట్టే కాంట్రాక్టు బరువు కూడా తానే నెత్తికెత్తుకున్నాడు. వేదిక దిగుతూ ఉపమంత్రిగారు ఆయన భుజం తట్టారు.

"కుర్చీలో డాక్టరుంటే పంచాయతీ సమితి ప్రెసిడెంటువి నువ్వేనయ్యా. లేకపోతే మీ బావమరిది."

ప్రభుత్వం డాక్టర్లను పంపకపోలేదు. ఒకాయన ఉప్పుటేరు దాటుతూ పడవలోనే సెలవుచీటీ రాశాడు. ఇంకొకాయన దిగి, ఊళ్లో జబ్బులున్నాయని కనిపెట్టి, వచ్చిన పడవలోనే తిరిగి వెళ్లాడు.

ఇక మిగిలింది డాక్టర్ కృపాదానం. ఆయన రక్తపిశాచి.

అదేమీ రహస్యం కాదు. తెల్లదొరల కాలంలో, కాన్పులో రక్తం పోయిన ఆడవాళ్లకల్లా ఆయన తన రక్తమే ఎక్కించేవాడు. ఒకనాటికి ఒంట్లో చుక్క మిగల్లేదు. చచ్చిపోవలసినవాడే గాని, బయట రోగులు కూర్చుని ఉన్నారని మానుకున్నాడు. అప్పటినుంచి అద్దంలో ఆయన బొమ్మ పడదు. పాడుబడ్డ ఉప్పు కొఠారు బంగళాలో తలుపులు బిగించుకుని ఉంటున్నాడు. పొద్దు గూకాక వచ్చినవాళ్లకు వైద్యం చేస్తాడు. ఫీజు కింద, రోగి తాలూకు గట్టి మనిషి ఎవరైనా కాస్త రక్తం ఇవ్వాలి. పాళెంవాళ్లకు ఇందులో వింతేమీ కనపడలేదు. పట్నం డాక్టర్లు ముందే పీలుస్తారు, ఈయన నయమయ్యాక అడిగి తీసుకుంటాడు.

చెంచురామయ్య పోలేరయ్య అనే చేపలవాణ్ణి వెంటబెట్టుకుని, సందెవేళ బంగళాకు వెళ్లాడు.

"డాక్టరుగారూ, దేశం మిమ్మల్ని పిలుస్తా ఉండాది."

"పగటిపూట పిలవొద్దని చెప్పు నాయనా. ఎండ తగిలితే బూడిదైపోతాను."

"ఖద్దరు తొడుక్కోండి. మాకేం కాలా."

కృపాదానం నవ్వలేదు. "పోయిన ఎండాకాలం ఈ పోలేరయ్య భార్య నాగులమ్మకు మిట్టమధ్యాన్నం నొప్పులొచ్చినాయి. ఆ కేకలు ఈ గదిలోకి వినపడినాయి. చీకటి పడిందాకా ఈ తలుపెనకే కూర్చున్నాను. నేను పోయేటప్పటికి తల్లీ లేదు, బిడ్డా లేదు. నాకు జీతమొద్దు, శాలువా వద్దు. ఊరికి పగటి డాక్టర్ని ఇప్పిస్తామంటే వస్తాను."

"మా చెల్లెలు అంకాలమ్మకు నెలలు నిండొస్తా ఉండాయన్నా," అన్నాడు పోలేరయ్య, నేల చూస్తూ.

"పగటి డాక్టరే గదా! మంత్రిగారి నోటితోనే చెప్పిస్తా, రండి," అన్నాడు చెంచురామయ్య. హామీ ఇవ్వడంలో ఆయనకు ఆలస్యమన్నది తెలియదు.

సభ దీపాలు పెట్టాక అని కరపత్రాలు వేశారు. పెట్రోమాక్సు లైట్లు తెప్పించారు. ఉపమంత్రిగారు ఎటూ ఆలస్యంగా వస్తారు గనక ఎండ భయం లేదు. కాని ఆరోజు వారు జీవితంలో మొదటిసారిగా ముందే, మిట్టమధ్యాహ్నం దిగబడ్డారు. దారిలో పెట్టుకున్న ఇంకో సభకు జనం రాలేదట.

"డాక్టరేడయ్యా?"

"నిద్రపోతా ఉండారు సార్."

"ఇంకేం, గవర్నమెంటు డాక్టరే. లేపుకురా!"

పాళెంవాళ్లు కృపాదానాన్ని తడిపిన తెరచాపలో చుట్టి, భుజాల మీద మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్త ఆస్పత్రి పైకప్పులోంచి ఎండ ప్రతి మూలా పడుతోంది. "వెంటిలేషను సార్," అని వివరించాడు చెంచురామయ్య. నలుగురు మనుషులు డాక్టరు నెత్తిమీద తెరచాప ఎత్తి పట్టుకున్నారు. అయినా ఆయన చెవుల దగ్గర పొగ లేస్తూనే ఉంది.

"చుట్ట అలవాటుందా?" అని ఉపమంత్రిగారు ఆప్యాయంగా అడిగారు.

"అయ్యా, ఈ ఊరికి పగటి డాక్టరు..."

"మీ వినయం నాకు నచ్చింది," అంటూ వారు దండ వేశారు. ఫోటో తీశారు. పాళెంవాళ్లు డాక్టర్ని మళ్లీ తెరచాపలో చుట్టి బంగళాకు మోసుకుపోయారు.

మర్నాడు పత్రికలో ఫోటో పడింది. ఉపమంత్రిగారు చిరునవ్వుతో చేతులు చాచి ఉన్నారు. దండ గాలిలో వేలాడుతోంది. కుర్చీలో ఎవరూ లేరు.

చెంచురామయ్య పత్రిక మడిచి చంకన పెట్టుకున్నాడు. సమితి బావమరిది పాలైందనుకుంటూ, కాళ్లమీద పడదామని నెల్లూరు బస్సెక్కాడు. ట్రావెలర్సు బంగళాలో ఉపమంత్రిగారు వచ్చినవాళ్లకల్లా ఆ ఫోటో చూపిస్తున్నారు.

"రావయ్యా! ఎంత సహజంగా వచ్చిందో చూసినావా?"

"కింద పేరు వేయకపోయినా మన ఆస్పత్రేనని తెలిసిపోతుంది సార్," అన్నాడు పక్కనున్న ఆరోగ్యశాఖ ఆఫీసరు. అలాంటి డాక్టరే మాకూ కావాలని ఇద్దరు ఎమ్మెల్యేలు అప్పటికే అడిగారట.

సమితి చెంచురామయ్యదే అయింది. మాట తప్పే మనిషి కాదు గనక పగటి డాక్టరు సంగతి అక్కడే ఎత్తాడు.

"ఇంకో డాక్టరా?" ఆఫీసరు ఆశ్చర్యపోయాడు. "ఉన్నది ఒకటే పోస్టు. అందులో మనిషి చేరినట్టు పేపర్లోనే పడిందే! కుర్చీ ఖాళీ లేదండీ."

చెంచురామయ్య ఫోటో మళ్లీ చూశాడు. ప్రెసిడెంటు హోదాలో చూస్తే నిజంగానే ఖాళీ లేదు.

సమితి మొదటి సమావేశంలో ఆయన తల్లుల కష్టాలు తలచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇకమీదట దొరువుపాళెం స్త్రీలు దీపాలు పెట్టిన తర్వాతనే నొప్పులు పడవలెనని తీర్మానం ప్రవేశపెట్టాడు. ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆ మర్నాడే దండోరా వేయించడానికి స్వయంగా పాళేనికి వెళ్లాడు.

దండోరా సగంలో ఉండగా పోలేరయ్య గుడిసెలోంచి అంకాలమ్మ కేక వినపడింది. ఆ వెనకే ఇంకొకటి. పోలేరయ్య తలెత్తి చూశాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

ఇసకదిబ్బ అవతల ఉప్పు కొఠారు బంగళా తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

చెంచురామయ్య చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని అటు చూశాడు.

"ఏందయ్యా ఈ మనిషి," అని విసుక్కున్నాడు, "డ్యూటీ టైము కాకముందే వచ్చేస్తా ఉండాడు!"